మూడు దారాల దయ్యం



1804వ సంవత్సరం జనవరి 3వ తేదీ రాత్రి. లండన్ నగరానికి పడమటి అంచున హామర్‌స్మిత్ అనే పేట. అప్పటికి కొన్ని వారాలుగా అక్కడ దయ్యం తిరుగుతోందని పుకారు. తెల్లగా ఉంటుందట, సందుల్లో అటకాయిస్తుందట. దాని సంగతేదో తేలుస్తానని ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఎక్సైజు ఉద్యోగి తుపాకీ పట్టుకుని బయల్దేరాడు. బ్లాక్ లయన్ లేన్ అనే సందులో తెల్లటి ఆకారం ఎదురొచ్చింది. ఎవరది అని అరిచాడు. బదులు లేదు. కాల్చాడు.

పడిపోయినవాడు థామస్ మిల్‌వుడ్ అనే తాపీ మేస్త్రి. ఆ రోజుల్లో తాపీ పనివాళ్ళు వేసుకునే తెల్ల పంట్లాం, ముందు కట్టుకునే తెల్లగుడ్డ, అవే అతని ప్రాణం తీశాయి. అంతకుముందు ఒకసారి అతన్ని చూసి ఎవరో దయ్యమని జడుసుకున్నారు. పైన కోటు తొడుక్కుని వెళ్ళమని అత్తగారు చెప్పింది కూడా. స్మిత్‌కు ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని ఏడాది కఠినశిక్షకు తగ్గించారు. ఈ కాల్పుల గొడవ తర్వాత జాన్ గ్రాహం అనే ముసలాయన, చెప్పులు కుట్టే వృత్తి ఆయనది, దుప్పటి కప్పుకుని తిరిగింది నేనేనని ఒప్పుకున్నాడు. తన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి బెదిరించడానికట!

ఒక దుప్పటి, కాస్త చీకటి. అంతకుమించి ఆ ముసలాయన దగ్గర ఏ సరంజామా లేదు. చీకట్లో తెల్లగా ఏదైనా కదిలితే చాలు, మిగిలిన కథ కన్ను తనే అల్లుకుంటుంది. ఈ బలహీనతను పట్టుకునే ప్రతి అక్టోబరు 31వ తేదీన వచ్చే హాలోవీన్‌కు అమెరికాలో వేలమంది తమ ఇంటి వసారాల్లో, కారు షెడ్లలో దయ్యాలను తయారుచేసి వేలాడదీస్తున్నారు. అవి గాల్లో తేలతాయి, చేతులు చాపుతాయి, నీలంగా వెలుగుతాయి. అవి ఎలా వెలుగుతాయి, ఎలా కదులుతాయి అన్నదే ఈ పూట మన ముచ్చట.

హాలోవీన్ గురించి రెండే ముక్కలు. ఐర్లండు, స్కాట్లండుల్లో చలికాలం మొదలయ్యే వేళ చేసుకునే పాత పండుగ ఇది. అక్కడ టర్నిప్ దుంపలను తొలిచి లోపల దీపం పెట్టేవారు. ఆ జనం అమెరికాకు వలస వెళ్ళారు, అక్కడ గుమ్మడికాయ దొరికింది. దుంపను తొలవడం కన్నా గుమ్మడికాయను తొలవడం ఎంత సులువో మన వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. చీకటి పడ్డాక పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడుగుతారు. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఈ పండుగ ఇప్పుడు కొత్తేమీ కాదు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ఒకే గుమ్మంలో ఒక పక్క ప్రమిదలు, ఇంకో పక్క ప్లాస్టిక్ అస్థిపంజరం.

ముందు వెలుగు సంగతి. దయ్యం లోపల బల్బు పెడితే వెలగదా అని మీరు అడగొచ్చు. వెలుగుతుంది. కాకపోతే చూసినవాడు దాన్ని దీపం అంటాడు, దయ్యం అనడు. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసిపోతే భయం పోతుంది. గుడ్డే తనంతట తాను వెలుగుతున్నట్టు ఉండాలి, దీపం మాత్రం ఎక్కడా కనబడకూడదు. దీనికి కావలసిన మందు మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చింది. పాతతరం శ్రోతలకు రానీపాల్, టినోపాల్ గుర్తుండే ఉంటాయి. తెల్ల చొక్కాలు, పంచెలు ఉతికాక చివరగా ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీసేవారు. ఇప్పుడు అలాంటి మందు బట్టల సబ్బుపొడిలోనే కలిసి వస్తోంది.

నీలిమందుకూ దీనికీ చాలా తేడా ఉంది. నీలిమందు ఒక రంగు. గుడ్డకు పట్టిన పసుపుచాయను నీలంతో కప్పేస్తుంది, అంతే. టినోపాల్ లాంటివి చేసే పని వేరు. ఎండలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. ఈ మందు వాటిని పీల్చుకుని, కనిపించే నీలపు వెలుగుగా మార్చి బయటికి వదులుతుంది. అంటే గుడ్డ తన మీద పడిన వెలుగును తిప్పికొట్టడంతో ఆగకుండా, కనిపించని దాన్ని కూడా కనిపించేలా చేస్తుంది. అందుకే ఉతికిన చొక్కా ఎండలో మరీ అంత తెల్లగా మెరుస్తుంది. ఈ మార్పిడి గుట్టును 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త వివరించాడు. ఆయన పరీక్షించిన పదార్థాల్లో మలేరియా జ్వరానికి ఇచ్చే క్వినైన్ ద్రావణం ఒకటి. క్వినైన్ కలిసిన టానిక్ వాటర్ సీసా అతినీలలోహిత దీపం కింద పెడితే ఇప్పటికీ నీలంగా మెరుస్తుంది.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది. చుట్టూ చీకటిగా ఉండాలి, అతినీలలోహిత కిరణాలు మాత్రం గుడ్డ మీద పడాలి. దానికోసమే బ్లాక్‌లైట్ అనే దీపం. రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నికెల్ ఆక్సైడు కలిపి ఒక గాజు తయారుచేశాడు. కనిపించే వెలుగును అది ఆపేస్తుంది, అతినీలలోహితాన్ని వదులుతుంది. చర్మవ్యాధుల డాక్టర్లు తామర లాంటివి చూడడానికి వాడే వుడ్స్ లాంప్‌కు ఆయన పేరే పెట్టారు. నోట్లను పరీక్షించే యంత్రంలో ఉండేదీ ఇలాంటి దీపమే. కరెన్సీ నోటు కాగితాన్ని తెల్లదనం మందు కలపకుండా తయారుచేస్తారు కాబట్టి దీని కింద నోటు మసకగానే ఉండి, అంకెలు, సన్నటి పోగులు మాత్రం మెరుస్తాయి. మామూలు కాగితం మీద అచ్చేసిన దొంగనోటైతే మొత్తం నీలంగా వెలిగిపోతుంది. మన దయ్యానికీ దొంగనోటుకూ ఒకే రసాయనం. పల్లెటూళ్ళో ఉన్న శ్రోతలకు ఇంకో మాట. ఈ దీపం పట్టుకుని రాత్రిపూట పెరట్లో తిరిగితే తేళ్ళు నీలం కలిసిన ఆకుపచ్చగా మెరుస్తూ కనిపిస్తాయి. వాటి పెంకులోనే ఆ గుణం ఉంది.

దీపం కొనేటప్పుడు జాగ్రత్త. ఊదారంగు పూసిన పాత రకం బల్బులు బాగా వేడెక్కుతాయి, పని మాత్రం చేయవు. ఎల్‌ఈడీ దీపాల మీద 395 అనో 365 అనో ఒక అంకె ఉంటుంది. అది ఆ కిరణపు తరంగం పొడవు, నానోమీటర్లలో. 395 చవక, కానీ దానితోపాటు ఊదారంగు వెలుగు కూడా కనిపిస్తుంది. గది గోడలన్నీ ఊదాగా కనబడితే ఆట చెడిపోయినట్టే. 365 ఖరీదు ఎక్కువైనా చీకటిని చీకటిగానే ఉంచుతుంది. ఏ దీపమైనా నేరుగా దాన్లోకి చూడకూడదు, పిల్లల కళ్ళ ఎత్తులో పెట్టకూడదు. నేల దగ్గర ఒక అట్ట చాటున పెట్టి పైకి తిప్పితే సరిపోతుంది.

ఇక కదలిక. నన్నడిగితే అసలు విద్య అంతా ఇక్కడే ఉంది. వెలుగు కొనుక్కోవచ్చు, కదలికను మాత్రం ఆలోచించి కట్టాలి.

అమెరికాలో ఇంట్లో దయ్యాలు చేసేవాళ్ళ మధ్య ఒక నమూనా బాగా ప్రసిద్ధం. దాన్ని ఫ్లయింగ్ క్రాంక్ ఘోస్ట్ అంటారు. దాని గుండెకాయ కారు అద్దాలు తుడిచే వైపరు మోటారు. పాత కార్లు విప్పే అంగళ్ళలో చవగ్గా దొరుకుతుంది. 12 వోల్టుల మీద నడుస్తుంది. లోపలి పళ్ళచక్రం వల్ల నిదానంగా, బలంగా తిరుగుతుంది. ఎంత బలమంటే, మధ్యలో వేలు పెడితే వేలే ఓడిపోతుంది.

ఇది రేడియో కదా, బొమ్మ గీసి చూపించలేను. మీరే మనసులో గీసుకోండి. ఒక చెక్క చట్రానికి మధ్యలో ఈ మోటారును ఇరుసు కిందికి ఉండేలా బిగించి, ఆ చట్రాన్ని పైకప్పుకు వేలాడదీశాం. ఇరుసుకు సుమారు 12 సెంటీమీటర్ల ఇనప పట్టీ. అది గడియారం ముల్లులా నేలకు సమాంతరంగా చుట్టూ తిరుగుతుంది. పట్టీ కొసన కిందికి దిగేలా ఒక బోల్టు, దానికి సులువుగా తిరిగే ఒక రింగు. ఆ రింగుకు మూడు దారాలు కట్టాం. మూడూ మూడు దిక్కులకు చట్రం అంచుల దాకా వెళ్ళి, అక్కడి చిన్న గిలకల మీంచి కిందికి దిగుతాయి. ఒక దారం దయ్యం నడినెత్తికి, మిగతా రెండూ రెండు మణికట్లకు.

ఇప్పుడు మోటారు తిప్పండి. పట్టీ కొస ఎడమవైపు గిలకకు దగ్గరగా వచ్చినప్పుడు ఆ దారం వదులవుతుంది, దయ్యం ఎడమచెయ్యి కిందికి జారుతుంది. అదే సమయంలో కుడివైపు దారాన్ని పట్టీ దూరం లాగుతుంది, కుడిచెయ్యి పైకి లేస్తుంది. తల వేరే దిక్కున ఉంది కాబట్టి దాని సమయం దానిది. 12 సెంటీమీటర్ల పట్టీ అయితే ప్రతి దారం 24 సెంటీమీటర్ల మేర లేచి దిగుతుంది. చెయ్యి పైకెళ్ళేటప్పుడు తల దిగుతూ ఉంటుంది, తల లేచేటప్పటికి ఇంకో చెయ్యి అందుకుంటుంది. ఒకే మోటారు, ఒకే పట్టీ. అయినా మూడు భాగాలు మూడు వేర్వేరు ఆలోచనలతో కదులుతున్నట్టు ఉంటుంది.

కొయ్యబొమ్మలాట చూసినవాళ్ళకు ఇది వెంటనే బోధపడుతుంది. దారాలు లాగే మనిషి వేళ్ళ పనిని ఇక్కడ గుండ్రంగా తిరిగే ఇనప పట్టీ చేస్తోంది. అన్ని దారాలూ ఒకేసారి లాగితే బొమ్మ ఎగిరి దూకుతుంది, అంతకుమించి ఏమీ చేయలేదు. ఒకదాని తర్వాత ఒకటి లాగితే బొమ్మకు ప్రాణం వస్తుంది. బొమ్మలాడించేవాళ్ళకు తరతరాలుగా తెలిసిన సంగతే ఇది.

వేగం మాటకొస్తే, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. 12 వోల్టుల మీద వైపరు మోటారు నిదానపు వేగంలో కూడా నిమిషానికి దాదాపు 40 చుట్లు తిరుగుతుంది. అంటే ఒకటిన్నర సెకనుకు ఒకసారి దయ్యం చెయ్యెత్తుతుంది. అది దయ్యంలా ఉండదు, బస్సు ఆపుతున్న మనిషిలా ఉంటుంది. ఒక్కో చుట్టుకు నాలుగైదు సెకన్లు పడితే బాగుంటుంది. దీనికి ఒక చవక కిటుకు ఉంది. పాత కంప్యూటరు పవర్ సప్లైలో 5 వోల్టుల తీగ ఉంటుంది. దానికి కలిపితే వేగం సగం కన్నా తగ్గుతుంది. చేతికి పవర్ సప్లై దొరకనివాళ్ళు మొదటినుంచే నిదానంగా తిరిగే గేరు మోటారు కొనుక్కోవడం మంచిది.

ఇక శరీరం. తలకు విగ్గులు పెట్టుకునే థర్మోకోల్ తల ఒకటి. భుజాలకు బట్టలు తగిలించే హ్యాంగరు. చేతులకు పలచటి తీగ. వీటి మీద జాలీలా పలచగా ఉండే నూలుగుడ్డను, గాయాలకు కట్టు కట్టే గాజు గుడ్డ లాంటిదాన్ని, పొరలు పొరలుగా వేలాడదీయాలి. దాన్ని ముందుగా సబ్బుపొడి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా ఆరబెట్టాలి. అంచులు కత్తిరించకుండా చేత్తో చింపాలి. మందపాటి దుప్పటి వద్దు. బరువుగా ఉంటుంది, చేతులతోపాటే లేచి చేతులతోపాటే దిగుతుంది. పలచగుడ్డ అలా కాదు. చెయ్యి దిగిపోయాక కూడా గుడ్డ అంచు ఇంకా పైకే వెళుతూ ఉంటుంది, గాలికి అటూ ఇటూ ఊగుతుంది, తీరిగ్గా వచ్చి కలుస్తుంది. మోటారు ప్రతి చుట్టూ ఒకేలా తిరుగుతున్నా, గుడ్డ మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా ఊగదు. యంత్రం వాసన రాకుండా చేసేది ఈ ఆలస్యమే.

మొహం సంగతి నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా సరే. కోరలు, నెత్తురు, రబ్బరు ముసుగులు, వీటివల్ల భయం తగ్గుతుంది. ముసుగు చూడగానే ఏ కొట్లో కొన్నారో గుర్తొస్తుంది. రెండు కళ్ళ దగ్గర గుడ్డను కాస్త లోపలికి నొక్కి వదిలేస్తే చాలు. మా మనవడు మాత్రం దీనికి కాళ్ళు పెట్టలేదేం తాతా అని అడిగాడు. దయ్యానికి కాళ్ళెందుకురా అన్నాను. మరి నువ్వు చెప్పిన కథలో దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయన్నావుగా అన్నాడు. నిజమే, మన దయ్యాలది వేరే సంప్రదాయం. వాటికి పాదాలుంటాయి, తెల్లచీర ఉంటుంది, చింతచెట్టు ఉంటుంది. ఈ పడమటి దయ్యం చనిపోయినవాళ్ళకు చుట్టే గుడ్డలోంచి పుట్టింది, కాబట్టి నడుము కింద ఏమీ లేకపోయినా చెల్లుతుంది.

దారాల విషయంలో ఒక మోసం ఉంది. గాలం వేసే నైలాన్ దారం సన్నగా, గట్టిగా ఉంటుంది కదా అని వాడతారు. నీళ్ళ మీద బాగా కనబడాలని కొన్ని రకాల్లో మెరిసే మందు కలుపుతారు. బ్లాక్‌లైట్ పడగానే దయ్యం కన్నా ముందు దారాలే వెలుగుతాయి! నల్లటి అల్లిక దారం శ్రేయస్కరం. వెనక నల్లగుడ్డ కట్టేవాళ్ళు దాన్ని శుభ్రంగా దులపాలి. సబ్బుపొడితో ఉతికిన బట్టల నూగు ఒక్క పోగు అంటుకున్నా చుక్కలా మెరుస్తుంది.

ఎక్కడ పెట్టాలి? దారిలో ఎదురుగా పెట్టడం కన్నా ఒక పక్కకు పెట్టడం మేలు. దీనికి మన కంటి నిర్మాణమే కారణం. కంటి వెనక పొరలో రంగులు చూసే కణాలు వేరు, మసక వెలుతుర్లో పనిచేసే కణాలు వేరు. సూటిగా చూసే చోట ఈ రెండో రకం కణాలు లేవు, ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అందుకే చీకట్లో మసకగా ఉన్నదాన్ని ఓరచూపుతో చూస్తే కనిపిస్తుంది, తిప్పి సూటిగా చూస్తే మాయమవుతుంది. ఆ కణాలకు నీలం, ఆకుపచ్చ దగ్గరి వెలుగు బాగా తెలుస్తుంది, ఎరుపు దాదాపు తెలియదు. నీలంగా మెరిసే గుడ్డ ఓరకంట పడాలి, దీపాన్ని కాస్త తగ్గించి పెట్టాలి. మరీ కాంతిమంతంగా పెడితే హ్యాంగరు కొక్కెంతో సహా అంతా బయటపడుతుంది. కిటికీ అద్దం వెనకో, నల్లటి పలచని వల వెనకో ఉంచితే ఇంకా మంచిది. చూసేవాళ్ళు దగ్గరికి రాలేరు, పిల్లల చేతులు మోటారును తాకవు.

గాజుతో దయ్యాన్ని చూపించే ఇంకో పాత విద్య కూడా ఉంది. 1862 డిసెంబరు 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన రంగస్థలం మీద ఏటవాలుగా పెద్ద గాజుపలక నిలిపాడు. కింద గుంటలో దాక్కున్న నటుడి మీద బలమైన వెలుగు వేశాడు. అతని ప్రతిబింబం గాజులో పడి, రంగస్థలం మీదున్న నటుల మధ్య పారదర్శకంగా కనిపించే దయ్యంలా తిరిగింది. ఆలోచన మొదట హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది, ప్రదర్శనకు కుదిరేలా మార్చింది పెప్పర్, పేరు కూడా పెప్పర్‌కే దక్కింది. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో దయ్యాలు జంటలుగా నాట్యం చేసేది ఈ పద్ధతిలోనే. అద్భుతమైన పనే, కానీ అంత గాజు మన వసారాలో పట్టదు.

పిల్లలు నడిచే చోట కాబట్టి కరెంటు గురించి చెప్పి ముగిస్తాను. మోటారుకు వెళ్ళే తీగలో తప్పకుండా ఫ్యూజు పెట్టండి. దారం చిక్కుపడి మోటారు ఆగిపోతే అది కరెంటును విపరీతంగా లాగుతుంది, వేడెక్కుతుంది. ఆరుబయట అయితే పవర్ సప్లై వానకు తడవకూడదు. ఆ పలచగుడ్డ దగ్గరకు గుమ్మడికాయలోని కొవ్వొత్తిని గానీ, దీపావళి ప్రమిదను గానీ రానివ్వొద్దు. నూలుగుడ్డ క్షణాల్లో అంటుకుంటుంది. సంవత్సరాల తరబడి దాచుకునేవాళ్ళు దయ్యాన్ని ఎండ తగలని చోట మడిచి పెట్టండి. ఆ తెల్లదనం మందు ఎండకు క్రమంగా చచ్చిపోతుంది. వచ్చే అక్టోబరులో గుడ్డ మసకగా కనిపిస్తే కంగారు పడకండి, ఇంకోసారి సబ్బుపొడి నీళ్ళలో ముంచి ఆరేయండి.